అమ్మ వాకరు, నాన్న పన్ను

మా అమ్మ నడవడానికి కొన్న వాకర్ మీద వేసిన పన్ను చివరికి ఎవరికి చేరిందో నాకు ఇప్పటికీ తెలీదు. అడగక కాదు. కాళ్ళరిగేలా తిరిగి అడిగాం. అందరూ చెప్పారు కూడా. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పలేదు, అంతే. ఇన్నేళ్ళయ్యాక ఇది రాద్దామని కూచుంటే ఆ తికమక అలాగే ఉంది, మొదట్నుంచీ చెప్తే నాకైనా తేలుతుందేమోనని చిన్న ఆశ.

అప్పుడు మా ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి కొత్త రాష్ట్రంగా పుట్టింది. స్కూటర్ల నంబర్ ప్లేట్ల మీద పాత రాష్ట్రం అక్షరాలు చెరిపి కొత్తవి రాయించుకుంటున్నారు. మా నాన్న అప్పటికే ఉక్కు ప్లాంటులో రిటైరై, సెక్టార్ అనే కంపెనీ కాలనీలో ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేసి, క్యాంప్ 2 అనే పేటలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. ఆయన రిగ్గరు. అంటే ఎంతటి బరువునైనా తాళ్ళు కట్టి, కొక్కేలు తగిలించి, క్రేన్‌తో పైకెత్తించే పని. శ్రీకాకుళం నుంచి పదిహేడేళ్ళకి వచ్చినవాడు, బతుకంతా సెక్టార్లోనే గడిచింది.

సెక్టార్ బతుకు ఎలాంటిదో చెప్పకపోతే మా నాన్న చేసిన తప్పు ఎవరికీ అర్థం కాదు. అక్కడ కొళాయి కారినా, దీపం మాడినా, ఇంటి ముందు నాలీ, అంటే మురిక్కాలవ, పూడినా మెయింటెనెన్స్ ఆఫీసుకెళ్ళి రిజిస్టర్లో రాసి వచ్చేయడమే. రేపో ఎల్లుండో సైకిలేసుకుని మిస్త్రీ వస్తాడు. ఇంటిపన్ను అన్న మాట మా ఇంట్లో నేను డిగ్రీ చదివేదాకా వినలేదు. నీళ్ళు, కరెంటు, రోడ్డు, ఆస్పత్రి అన్నీ కంపెనీయే. మా నాన్న దృష్టిలో వాన కూడా కంపెనీ మెయింటెనెన్స్ వాళ్ళే కురిపిస్తారని నేను ఎగతాళి చేసేదాన్ని.

క్యాంపు అలా కాదు. క్యాంపు కార్పొరేషన్‌ది. ఈ సంగతి నాన్నకి తెలుసు, ఇంటిపన్ను కూడా కట్టాడు. తెలిసినది తలకెక్కడానికి మాత్రం టైం పట్టింది.

మా గుమ్మానికీ వీధికీ మధ్య మూడడుగుల నాలీ. దాని మీద ఒక రాతిపలక. అది దాటితే వీధి, వీధి దాటితే నాలుగు మలుపుల్లో మా తెలుగు చర్చి. ఒకరోజు ఇటుకల లారీ ఒకటి వెనక్కి తీస్తూ పలక మీదకెక్కేసింది. రెండు ముక్కలై నాలీలో పడింది. నాన్న వెంటనే తెల్ల కాగితం తీసి, హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాసి, సైకిలెక్కి వెళ్ళాడు.

"రాసీసుకున్నారు," అన్నాడు వచ్చి. "రెండ్రోజుల్లో వొస్తారు."

ఎవరు రాసుకున్నారో మేం అడగలేదు. ఎదురింటి ఛత్తీస్‌గఢీ దీదీ తన పాత తలుపు రెక్క తెచ్చి నాలీ మీద వేద్దామంది. నాన్న ఒప్పుకోలేదు. "వద్దు దీదీ, కొలతలు తీసుకోడానికొస్తారు, అడ్డుగా ఉంటాది," అన్నాడు. వారం గడిచింది. రెండు, మూడు వారాలు గడిచాయి. అమ్మ రోజూ అటూ ఇటూ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నాలీ దాటుతూనే ఉంది. నాలుగో వారం, ఆదివారం పొద్దున్న, తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని, చర్చికి బయల్దేరి అందులో పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి వరండాలో నాకు అసలు సంగతి తెలిసింది. నాన్న ఆ కాగితం ఇచ్చింది కార్పొరేషన్‌కి కాదు. అలవాటు చొప్పున సెక్టార్ మెయింటెనెన్స్ ఆఫీసుకి. అక్కడి గుమాస్తా నాన్నకి పాత స్నేహితుడు. నాన్న మొహం చూసి, మర్యాద కొద్దీ కాదనలేక రిజిస్టర్లో రాసుకున్నాడట. క్యాంపులో నాలీకి సెక్టార్ మిస్త్రీ ఎందుకొస్తాడు?

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ వల్లే నాన్నా! తప్పు ఆఫీసులో కాగితం పడేసి వచ్చి నెల రోజులు కూచున్నావ్. దీదీ తలుపు వేస్తానంటే అదీ వెయ్యనివ్వలేదు," అని నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. నాన్న చేతిలో అమ్మ చెప్పులున్నాయి, అవి తుడుస్తూ కూచున్నాడు. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఈపాటికి వందసార్లు తీసుకునేదాన్ని.

అమ్మ ఇంటికొచ్చింది. డాక్టరు వాకర్‌తో నడవమన్నారు. అమ్మకి కావాల్సింది ఒక్కటే, తన కాళ్ళ మీద చర్చికెళ్ళడం. ఓ ఆదివారం చర్చివాళ్ళు ఇద్దరొచ్చి కుర్చీలో కూచోబెట్టి మోసుకెళ్ళారు. తిరిగొచ్చి ఏడ్చింది. "నేనేటి బియ్యం బస్తానా? ఇంకోసారి అలా మొయ్యొద్దని సెప్పండి. నడిసెల్తేనే ఎల్తాను, లేపోతే మానీస్తాను," అంది. మా అమ్మ మానేస్తానంటే మానేస్తుంది. ఆ మాటకి నాన్న, నేను ఇద్దరం భయపడ్డాం.

పవర్ హౌస్ మార్కెట్లో మందుల షాపువాడు చూపించిన వాకర్ ఎత్తుగా, బరువుగా ఉంది. అమ్మ పొట్టి. చిన్నది, మడత పెట్టేది నాగపూర్ నుంచి తెప్పిస్తానన్నాడు, రెండుసార్లు వాయిదా వేశాడు. నేనప్పుడు ఒక ఇంటర్నెట్ షాపులో టైపిస్టుని. కంప్యూటర్లో సామాన్లు అమ్మేవాళ్ళున్నారని, డ్రాఫ్ట్ పంపితే కొరియర్లో ఇంటికొస్తుందని అక్కడే తెలిసింది. వెతికితే సరిగ్గా అమ్మ ఎత్తుకి సరిపోయే వాకర్ దొరికింది. అమ్మేవాడు ముంబైలో ఉన్నాడు. పేరు కొట్టాను, ఇల్లు కొట్టాను, ఊరు కొట్టాను. రాష్ట్రం ఎంచుకో అంది. ఆ వరసలో పైనుంచి కిందికి మూడుసార్లు వెతికాను. మా రాష్ట్రం లేదు.

రాష్ట్రం వచ్చి రెండేళ్ళు దాటింది, వీళ్ళకి కబురు అందలేదేమో మరి. ఖాళీగా వదిలేస్తే ముందుకి కదలదు. చేసేది లేక మధ్యప్రదేశ్ అని నొక్కేశాను. పిన్‌కోడ్ సరైనదే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

వాకర్ వచ్చింది. తేలిగ్గా, వెండిలా మెరుస్తూ, కింద నల్ల రబ్బరు బుడిపెలతో. అమ్మ ఆ పూటే లేచి నిలబడి వంటింటి దాకా వెళ్ళొచ్చింది. నేను చప్పట్లు కొడుతుంటే నాన్న అట్టపెట్టె పక్కన చతికిలబడి బిల్లు చదువుతున్నాడు. మా నాన్న మందు సీసా మీద కాగితం కూడా చివరిదాకా చదివే రకం.

"ఏటే ఇది, మధ్యప్రదేశ్ అని ఉంది?"

"లిస్టులో మన రాష్ట్రం లేదు నాన్నా. ఉన్నదాంట్లో అది నొక్కాను."

"కింద సేల్స్ టాక్స్ అని ఏసాడు. అయితే ఈ పన్ను భోపాల్ ఎల్లిపోనాదా?"

"ఏమో."

"ఏమో అంటే ఎలాగే గుంటా! భోపాలోడు మన నాలీ మీద పలక ఏస్తాడేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. అంతకుముందు వారమే నాన్న మా వార్డు పార్షద్‌ని కలిసాడు. పార్షద్ అంటే కార్పొరేషన్‌లో మా వీధి తరఫున కూచునే మనిషి. ఆయన మంచిగానే మాట్లాడాడట. పలక వేయిస్తాం, ఫండ్ రావాలి అన్నాడట. ఫండ్ ఎక్కడ్నుంచి వస్తుందని నాన్న అడిగితే, చుంగీ డబ్బు రావాలి అన్నాడట. పూర్వం ఊరి పొలిమేరలో గేట్లుండేవి, బయట్నుంచి వచ్చే ప్రతి లారీ ఆగి సరుకు మీద కొంత కట్టి లోపలికొచ్చేది. అదే చుంగీ. గేట్లు ఎత్తేశారు. ఇప్పుడు బయటి సరుకు మీద పన్ను రాష్ట్రమే వసూలు చేసి, గేట్లు పోయిన ఊళ్ళకి దాంట్లోంచి వాటా పంపుతుంది. ఆ వాటా వస్తే కాలవలు, దీపాలు, పలకలు.

అది నాన్న తలలో మేకు కొట్టినట్టు కూచుండిపోయింది. బయట్నుంచి వచ్చే సరుకు మీద పన్నుతో మా నాలీకి పలక రావాలి. మా ఇంటికి బయట్నుంచి వచ్చిన సరుకు వాకర్. దాని మీద పన్ను భోపాల్‌కి పోయింది. అంటే మా పలక డబ్బు మేమే పోగొట్టాం. నేనెంత చెప్పినా ఆయన ఈ లెక్క మార్చుకోలేదు. నిజం చెప్పాలంటే, దాంట్లో తప్పెక్కడుందో నాకూ తోచలేదు.

"ఆ పన్ను ఇక్కడ మళ్ళీ కట్టీద్దాం," అన్నాడు. బిల్లులో ఎంతుందో అంత డబ్బు కవర్లో పెట్టాడు. "ఈసారి సరైన ఆఫీసుకే ఇవ్వాలి." ఆ రెండో మాట గోడవైపు చూస్తూ అన్నాడు. నేను బిల్లు తీసుకుని వెంట బయల్దేరాను.

ముందు కొరియర్ ఆఫీసుకెళ్ళాం. అక్కడివాడు పన్ను ముంబైలోనే ఉండిపోతుందన్నాడు. కాదు, రెండు రాష్ట్రాల మధ్య సరుకు కదా, ఢిల్లీకి పోతుందని పక్కనున్నవాడు అన్నాడు. ఇద్దరూ మా ఎదుటే వాదులాడుకున్నారు. భోపాల్ పేరు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. నాన్నకి కొంచెం ఊరట కలిగినట్టుంది, నాకు మాత్రం తల గిర్రున తిరిగింది.

తర్వాత పక్క ఊరు దుర్గ్‌లో సేల్స్ టాక్స్ ఆఫీసు. అక్కడి ఆఫీసరు మమ్మల్ని కూచోబెట్టి బిల్లు చూశాడు. బయటి సరుకు మీద పన్ను కట్టాల్సింది తెచ్చి అమ్ముకునే వ్యాపారులట, ఇంట్లో వాడుకునేవాళ్ళు కాదట.

"మీరు దీన్ని అమ్ముతారా బాబూజీ?"

"మా ఆవిడ నడిసేది సార్, ఎలా అమ్ముతాను?" అన్నాడు నాన్న హిందీలో, కొంచెం కోపంగా.

"అయితే మీరు కట్టక్కర్లేదు."

"మరి మా నాలీకి డబ్బెలా వస్తాది?"

ఆఫీసరు నా వైపు చూశాడు, ఈయనకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఈలోగా పక్క టేబుల్ ఆవిడ బిల్లు తీసుకుని చూసి, కాళ్ళు లేనివాళ్ళ సామానుకి అసలు పన్నే ఉండదనుకుంటా, అమ్మినవాడికి ఉత్తరం రాసి తిరిగి తెప్పించుకోండి అంది. పన్ను ఇవ్వడానికొచ్చిన మనిషిని పన్ను వెనక్కి తెచ్చుకోమంటే ఎలా ఉంటుంది? నాన్న మొహం చూడలేకపోయాను. బస్సులో అడుగుతూనే ఉన్నాడు, "పన్ను ఉన్నట్టా లేనట్టా? ఉంటే ఎవడిది?" నాకేం తెలుసు.

ఆఖరికి కార్పొరేషన్ కౌంటర్. గుమాస్తా కంప్యూటర్‌కీ రిజిస్టర్‌కీ మధ్య కూచుని ఉన్నాడు. ఇంటిపన్ను కట్టారా? కట్టాం. నీటిపన్ను? కట్టాం. "ఇంకేం లేదు అంకల్‌జీ, వెళ్ళండి." నాన్న కవర్ ముందుకు తోశాడు. "మా నాలీ పలక కోసం. రసీదు ఇవ్వండి." గుమాస్తా కవర్ వైపు, నాన్న వైపు చూసి నిజంగానే బాధపడ్డాడు. "ఏ ఖాతాలో రాయమంటారు అంకల్‌జీ? ఇలాంటిదానికి ఖాతా లేదు. ఖాతా లేకుండా నేను ఒక్క రూపాయి తీసుకోకూడదు."

నాన్న కవర్ తీసుకుని బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర నిలబడిపోయాడు. "మన దగ్గర డబ్బు ఎవళూ తీసుకోరేటే," అన్నాడు. ఆ కవర్ చర్చి కానుకల పెట్టెలో వెయ్యమన్నాను. "అది దేవుడిది. ఇది వీధిది," అని నా నోరు మూయించాడు.

ఇంట్లో అమ్మ రోజూ నడక సాధన చేస్తోంది. మంచం నుంచి వంటిల్లు, వంటిల్లు నుంచి గుమ్మం. గుమ్మం దగ్గర వాకర్ ఆపి, నాలీ వైపు, వీధి వైపు కాసేపు చూసి, మెల్లిగా తిప్పుకుని లోపలికొచ్చేది. ఒక్కసారి కూడా నాన్నని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది, ఆయనకీ కాస్త తేలికయ్యేది.

ఒక శనివారం నేను పని నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఇసుక, సిమెంటు. నాన్న, ఆయనతో రిటైరైన ఇంకో ఇద్దరు రిగ్గర్లు, లుంగీలు ఎగ్గట్టి, ఇనప చువ్వలు అల్లి, నాలీ మీదే పలక పోత పోస్తున్నారు. కవర్లో డబ్బుకి ఇంకొంత కలిపాడట. "వీధి డబ్బు వీధికే," అన్నాడు నన్ను చూసి. ఎదురింటి దీదీ టీలు ఇస్తోంది. తన తలుపు రెక్కనే అచ్చుకి అడ్డం పెట్టారు. ముసలాళ్ళు ముగ్గురూ పాత పాటలు కూనిరాగాలు తీస్తూ తెగ సంబరపడిపోయారు.

పలక ఆరేదాకా అమ్మని ఆపేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. రెండు వారాలు ఎలాగో పట్టి ఉంచాం. మూడో ఆదివారం తెల్ల చీర కట్టింది. వాకర్ పలక మీద పెట్టింది, ఒత్తి చూసింది, కాలు పెట్టింది. నాన్న పక్కనే చేతులు చాపి నడుస్తున్నాడు, తాకకుండా. "ఆ సేతులు తియ్యండి, నాకు సిగ్గేస్తంది," అంది అమ్మ. నాలుగు మలుపులకి అరగంట పట్టింది. మేం వెళ్ళేసరికి పాస్టరు చెప్పే వాక్యం సగమైపోయింది, అయినా అందరూ లేచి నిలబడ్డారు. నేను ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు.

అలా నెల గడిచిందో లేదో, నాలీలు తీసే మనుషులొచ్చారు. మా ఇంటి ముందు ఆగిపోయారు. పలక రెండు గట్లకీ సిమెంటుతో అతుక్కుని ఉంది. ఎత్తడానికి పట్టు లేదు. లోపల చెత్త తీయడానికి దారి లేదు. ఎంత లాగినా రాలేదు. మర్నాడు నాన్న పేరున నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా నాలీ మూసేశారు, జుర్మానా కట్టాలి, పలక తీసి ఎత్తడానికి వీలయ్యేలా వేసుకోవాలి.

ఇది విని తోటి రిగ్గర్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒరే, బతుకంతా బరువులెత్తినోళ్ళం. ఎత్తడానికి కొక్కెం పెట్టకుండా పలక పోసీసాం ఏట్రా! ఎవుడికైనా సెప్తే పరువు పోద్ది." నాన్న సిగ్గుతో తల గోక్కున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డబ్బిస్తానంటే తీసుకోనివాళ్ళు, సొంత చేత్తో వేసుకుంటే జుర్మానా వేస్తారా! పార్షద్ ఇంటి మీదకెళ్ళి దులిపేస్తానని చెప్పులేసుకున్నాను.

"ఆగే," అన్నాడు నాన్న. నోటీసు చేత్తో పట్టుకుని గుమ్మంలో వెలుగుకి నిలబడ్డాడు. "నా పేరు సరిగ్గా రాసారు. వార్డు నంబరు రాసారు. ఇంటి నంబరు, మన నాలీ, అన్నీ రాసారే." మొహం వెలిగిపోతోంది. నాకు ఏమీ అర్థం కాలేదు. జుర్మానా వేస్తే ఇంత సంతోషించే మనిషిని అప్పుడే చూశాను, మళ్ళీ చూడలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. అదే కౌంటర్, అదే గుమాస్తా. నోటీసు చూసి, మమ్మల్ని గుర్తుపట్టి, కొంచెం ఇబ్బందిగా కదిలాడు.

"దీనికి ఖాతా ఉందా?" అన్నాడు నాన్న.

"జుర్మానాకి ఉంది అంకల్‌జీ."

"ఈ డబ్బు ఎక్కడికెళ్తుంది? భోపాల్‌కా, ముంబైకా?"

"ఎక్కడికీ వెళ్ళదు అంకల్‌జీ, ఇక్కడే కార్పొరేషన్‌లోనే ఉంటుంది."

నాన్న డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. గుమాస్తా రసీదు రాసి, ముద్ర కొట్టి, చింపి ఇచ్చాడు. ముద్ర సిరా ఆరేదాకా నాన్న దాన్ని ఊదుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే స్నేహితులిద్దరూ వచ్చారు. పలక గట్ల దగ్గర సుత్తి, ఉలితో కొట్టి విడదీసి తీశారు. ఈసారి పోసిన కొత్త పలకకి రెండు చివర్లా రెండు ఇనప కొక్కేలు పెట్టారు.

కానీ దానికంటే ముందు, ఆఫీసు నుంచి రాగానే, నాన్న చొక్కా కూడా మార్చుకోకుండా అమ్మ మంచం దగ్గరికెళ్ళాడు. జేబులోంచి రసీదు తీసి, మడత విప్పి ఆమె చేతిలో పెట్టాడు. చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"ఒకపాలి సూడు," అన్నాడు. "ఈసారి సరైన ఆపీసులోనే ఇచ్చానా?"

మా అమ్మకి హిందీ అక్షరం ఒక్కటి కూడా రాదు. దిండు కింద నుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. రసీదు వెలుగుకెత్తి, ముద్ర మీద వేలు పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తీరిగ్గా చదివినట్టు చూసింది.

"ఇదేనండి ఆపీసు," అంది. "సరిగ్గానే ఇచ్చారు."